5.3 సిల్వరాడోకి సూపర్‌చార్జరా, టర్బోనా? ట్రెయిలర్ లాగే బండి, కొండ ఎక్కాలి

ఫ్రిస్కో_సిల్వరాడో (టెక్సాస్)

అందరికీ నమస్తే. నా బండి 2016 షెవీ సిల్వరాడో 1500, 5.3 లీటర్ల వీ8, ఆరు గేర్ల ఆటోమేటిక్, వెనక యాక్సిల్ రేషియో 3.08 (చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ 3.08 చుట్లు తిరుగుతుంది). ఇంతవరకు ఇంజన్ మీద చెయ్యి పడలేదు, ఆయిల్ తాగడం లేదు. మొన్నామధ్య క్యాంపర్ ట్రెయిలర్ తీసుకున్నాం, నీళ్లు సామాను నింపితే 5,500 పౌండ్లు తూగుతుంది. డాలస్ చుట్టుపక్కల చెరువులకి వెళ్లొస్తే లాగుతున్నట్టే ఉండదు.

సమస్యల్లా కొలరాడో వెళ్లేటప్పుడే. అమరిల్లో మీదుగా రాటన్ పాస్ ఎక్కేసరికే బండి ఆయాసపడుతుంది. ఇక ఐ-70లో ఐసెన్‌హవర్ టన్నెల్ వైపు ఎక్కుతుంటే మరీ దారుణం, తొక్కితే రెండో గేర్‌లోకి పడి 4,000 ఆర్పీఎం పైన అరుస్తుంది, భయమేసి కాలు కాస్త తీస్తే మూడో గేర్‌లోకి పోయి స్పీడు పడిపోతుంది, మళ్లీ తొక్కాలి, మళ్లీ అరుపు. పక్కన కూర్చున్న మా ఆవిడకి టెన్షన్, వెనక పిల్లలకి భయం.

అందుకే ఇంజన్‌లోకి ఎక్కువ గాలి ఎక్కించి బలం పెంచే పని చేద్దామనుకుంటున్నా. కిట్ ఏదైనా ఫిట్టింగ్‌తో కలిపి ఏడెనిమిది వేల డాలర్ల పైనే అవుతుందని తెలుసు. ఇంజన్ పైన బిగించి బెల్టుతో తిప్పే సూపర్‌చార్జర్ మంచిదా, బయటికి పోయే పొగతో తిరిగే టర్బో మంచిదా? రేసులకి పోను. రోజూ ఆఫీసుకి, వేసవిలో కొండకి, అంతే.

ఆటోనగర్_టర్బో (విజయవాడ)

తమ్ముడూ, లోడు లాగే బండికి టర్బోనే. లోకంలో ఏ లారీ బానెట్ ఎత్తి చూసినా అదే కనబడుతుంది. వోల్వో వాళ్లు టైటాన్ లారీకి 1954లోనే టర్బో పెట్టి 150 ఉన్న హార్స్‌పవర్‌ని 185కి తెచ్చారు, ఇంజన్ సైజు పెంచకుండా. మీ అమెరికాలో డాడ్జ్ పికప్‌లో 1989లో కమ్మిన్స్ 5.9 టర్బో డీజిల్ వచ్చిందే, ఆ బీ సిరీస్ ఇంజన్నే తర్వాత జంషెడ్‌పూర్‌లో తయారుచేసి మన టాటా లారీలకి వేశారు. వాటిని విప్పి బిగించి మా చేతులు కాయలు కాచాయి. లోడుతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే లారీకి గంటల తరబడి బలం కావాలి, అది పొగలో ఊరికే బయటికి పోయే వేడి నుంచి వస్తుంది, ఇంజన్ నుంచి కొట్టేసింది కాదు. సూపర్‌చార్జర్ బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి నువ్వు సంపాదించిన దాంట్లోంచే దానికి జీతం ఇవ్వాలి.

ఫీనిక్స్_లైట్నింగ్ (అరిజోనా)

అన్నా, మీరు చెప్పేది డీజిల్ లెక్క. ఇక్కడ పెట్రోల్ వీ8 పికప్‌లకి సూపర్‌చార్జర్ అనేది ఫ్యాక్టరీలే పెట్టి అమ్మిన వస్తువు. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్, 1999 నుంచి 2004 దాకా, 5.4 వీ8 మీద ఈటన్ కంపెనీ బ్లోయర్ (సూపర్‌చార్జర్‌కే ఇంకో పేరు), 2001 నుంచి 380 హార్స్‌పవర్. టొయోటా వాళ్లు టండ్రా 5.7కి డీలర్ దగ్గరే బిగించే టీఆర్డీ సూపర్‌చార్జర్ ఇచ్చారు, 504 హార్స్‌పవర్. 2021లో సూపర్‌చార్జర్‌తోనే రామ్ టీఆర్ఎక్స్ పికప్ 702 హార్స్‌పవర్‌తో వచ్చింది. ఐడిల్ దాటగానే బూస్ట్ (అదనంగా తోసే గాలి ఒత్తిడి) సిద్ధంగా ఉంటుంది, కాలు పెట్టగానే బండి కదులుతుంది, ఎదురుచూడటం అనే మాటే లేదు.

ఫిట్టింగ్ విషయానికొస్తే పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీసి దాని స్థానంలో ఇది పెట్టడం, బెల్టు, ముందు చిన్న రేడియేటర్, ఇంజన్ కంప్యూటర్‌కి ట్యూన్. పొగగొట్టం జోలికి పోనక్కర్లేదు. శని ఆదివారాల్లో ఇద్దరు కూర్చుంటే అయిపోయే పని. అదే టర్బో కిట్ అంటే మానిఫోల్డులు విప్పాలి, పదేళ్ల బండి బోల్టులు హెడ్‌లోనే విరుగుతాయి, అక్కడి నుంచి మొదలవుతుంది అసలు కథ.

నోవై_కాలిబ్రేషన్ (మిషిగన్)

ఇంజన్ కాలిబ్రేషన్ నా ఉద్యోగం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

రెండూ చేసేది ఒకటే పని, సిలిండర్‌లోకి ఎక్కువ గాలి తోయడం. తేడా ఆ పనికి బలం ఎక్కడి నుంచి తెస్తుంది అన్న దగ్గర మొదలవుతుంది. డాడ్జ్ హెల్‌క్యాట్ కారులోని 6.2 ఇంజన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు సూపర్‌చార్జర్ తిప్పడానికే 80 హార్స్‌పవర్ దాకా పోతుంది. మీకు 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 7 పౌండ్లు) బూస్ట్ ఇచ్చే కిట్ అనుకుంటే అంత పోదు, కానీ ఎంతో కొంత పోతుంది, ఆ మేరకు పెట్రోలూ ఖర్చవుతుంది. టర్బో పూర్తిగా ఉచితం అనుకోకండి. టర్బైన్ అడ్డం పెట్టినందుకు పొగవైపు ఒత్తిడి పెరుగుతుంది, పిస్టన్ ఆ ఒత్తిడికి ఎదురు తోయాలి. మొత్తం మీద చూస్తే మాత్రం టర్బోదే పైచేయి.

కానీ ట్రెయిలర్ లాగేవాడు ముందు చూడాల్సింది అది కాదు. బూస్ట్ ఎంతసేపు పడుతుంది? సిగ్నల్ దగ్గర నుంచి ఎగబాకితే ఎనిమిది సెకన్లు. హైవేలోకి చేరితే పదిహేను. కొండ ఎక్కితే పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా. మార్కెట్లో దొరికే కిట్లలో చాలా వాటి కూలింగ్ మొదటి రెండింటికి సరిపోతుంది, మూడోదానికి చాలదు.

లెక్క చూడండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొడితే కింద గొట్టం కాలినట్టే. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ, దానికి 7 కలిపితే దాదాపు 1.48 రెట్లు. బయట 40 డిగ్రీలు ఉన్న రోజున, కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి 97 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడి గాలి 11:1 కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే నిష్పత్తి) ఉన్న ఇంజన్‌లోకి పోతే నాక్ (మిశ్రమం తనంతట తానే పేలడం) వస్తుంది, కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, టైమింగ్ తగ్గితే పొగ ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఎంత వేడిని ఎంతసేపు బయటికి నెట్టగలదన్నదే అసలు విషయం.

పైన బిగించే సూపర్‌చార్జర్‌కి ఇంటర్‌కూలర్ ఇంజన్ వీ మధ్యలో, అంటే బండి మొత్తంలో బాగా వేడి చోట, నీళ్లతో పనిచేస్తుంది. ఆ నీళ్ల కోసం చిన్న పంపు, ముందు చిన్న రేడియేటర్. మొదట్లో నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి అద్భుతంగా పనిచేస్తుంది. పది నిమిషాలు ఆపకుండా నొక్కితే నీళ్లే వేడెక్కిపోతాయి, అక్కడి నుంచి బలం మెల్లిమెల్లిగా జారుతుంది. టర్బో కిట్‌కి సాధారణంగా ముందు గాలి తగిలే పెద్ద ఇంటర్‌కూలర్ వస్తుంది, బండి కదులుతున్నంతసేపు వేడి నేరుగా గాలికి పోతుంది. అయితే టర్బో తన వేడిని బానెట్ కింద వదులుతుంది, పెట్రోల్ పొగ 900 డిగ్రీల దాకా పోతుంది, చుట్టూ ఉన్న వైర్లు, హోసులు, బ్రేక్ లైన్లకి వేడి కవచం సరిగ్గా కట్టకపోతే కాలిపోతాయి.

బే_ఏరియా_పికప్ (కాలిఫోర్నియా)

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర స్మాగ్ చెక్‌లో (కాలుష్య పరీక్షలో) బానెట్ ఎత్తి కళ్లతో చూస్తారు. కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య బోర్డు) వాళ్లు ఇచ్చిన ఈఓ నంబరు (అనుమతి నంబరు) స్టిక్కర్ లేకపోతే బండి ఫెయిల్, ఇంక మాట్లాడేది ఉండదు. మ్యాగ్నసన్, విపుల్, ఎడెల్‌బ్రాక్ లాంటి వాళ్లు చాలా పికప్ మోడళ్లకి ఈఓ నంబరు ఉన్న సూపర్‌చార్జర్ కిట్లు అమ్ముతారు. టర్బో కిట్లకి అది దొరకడం చాలా అరుదు, ఎందుకంటే టర్బో పెట్టాలంటే చాలాసార్లు క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కదపాలి, పొగ దారి మారుతుంది, కొత్తగా పరీక్షలన్నీ పాస్ చేయించాలి.

టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కదా అనుకోకండి. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. పైగా ఎమిషన్ పరికరాలు తీసేయడం దేశమంతటా ఫెడరల్ చట్టానికి విరుద్ధం. నంబరు ఉన్న కిట్ కొంటే రేపు బండి అమ్మేటప్పుడు కూడా గొడవ ఉండదు.

ఫ్రిస్కో_సిల్వరాడో

నాది కాలిన్ కౌంటీనే, టెస్ట్ ఉంది. ఇది ముందే చెప్పి మంచి పని చేశారు.

నోవై గారూ, ఒక సందేహం. ఎత్తు పెరిగేకొద్దీ టర్బో బలం పోదని అంటారు, సూపర్‌చార్జర్ కూడా గాలి తోసేదే కదా, దానికి మాత్రం ఎందుకు పోతుంది?

నోవై_కాలిబ్రేషన్

పైన బిగించే రకం బెల్టుకి కట్టేసి ఉంటుంది. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే అది తోసే గాలి పరిమాణం మారదు, కానీ ఆ గాలి పలచబడితే తోసేదీ పలచగానే ఉంటుంది. అంటే అది బయటి ఒత్తిడిని ఇన్ని రెట్లు చేస్తుందే తప్ప ఇన్ని పీఎస్ఐ కలపదు. 10,000 అడుగుల దగ్గర బయట ఒత్తిడి సుమారు 10.1 పీఎస్ఐ. దాన్ని 1.48 రెట్లు చేస్తే 14.9. అంటే నీ 7 పీఎస్ఐ సూపర్‌చార్జర్ అక్కడ చేసేదల్లా ఇంజన్‌ని డాలస్‌లో కిట్ లేకుండా ఉన్న స్థితికి తేవడం. అది తక్కువేం కాదు, నీ అవసరానికి అదే చాలేమో కూడా.

టర్బోకి ఇంజన్ వేగంతో కట్టు లేదు. గాలి పలచగా ఉంటే ఇంకా వేగంగా తిరిగి సర్దుకుంటుంది. స్ప్రింగ్ మీద నడిచే మామూలు వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని టర్బో పక్కనుంచి వదిలే తలుపు) అయినా బయటి ఒత్తిడి మీద 7 కలుపుతుంది, అంటే 10.1కి 7 కలిపి 17.1. కంప్యూటర్ నడిపే వేస్ట్‌గేట్ అయితే అంతకన్నా పైకి తేవచ్చు, టర్బో వేగం హద్దు దాటకుండా చూసుకోవాలి.

ఈ విషయం కొత్తదేమీ కాదు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ లిబర్టీ విమాన ఇంజన్‌ని కొలరాడోలోనే పైక్స్ పీక్ కొండ మీదికి మోసుకెళ్లి టర్బోతో నడిపి చూపించాడు. పైకెళ్తే ఇంజన్ బలం పోతోందన్న బాధతోనే విమానాలవాళ్లు టర్బో వెంటపడ్డారు.

డెన్వర్_కొండగాలి (కొలరాడో)

మేముండేదే 5,280 అడుగుల్లో, మామూలు ఇంజన్ ఇంటి ముందు స్టార్ట్ చేసినప్పుడే 15 శాతం పోగొట్టుకుని ఉంటుంది. నా పాత పికప్‌కి పైన బిగించే సూపర్‌చార్జర్ ఉండేది, ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. ఊళ్లో నడుపుతుంటే ప్రాణం లేచొచ్చేది. స్నోమొబైల్స్ ట్రెయిలర్ తగిలించి ఐ-70 ఎక్కేటప్పుడు మాత్రం డ్యాష్ మీద పెట్టిన చిన్న స్క్రీన్‌లో ఇన్‌టేక్ గాలి వేడి చూస్తూ ఉండేవాణ్ని. ఐడహో స్ప్రింగ్స్ దగ్గర 45 డిగ్రీలు. జార్జ్‌టౌన్ దాటాక 60. సిల్వర్ ప్లూమ్ పైన 75 దాటేది, అక్కడ కాలు ఎంత నొక్కినా స్పందన మందగించేది. ఆగి పదిహేను నిమిషాలు బానెట్ ఎత్తి ఉంచితే మళ్లీ మామూలే. నీళ్ల పంపు పెద్దది వేసి, ముందు రేడియేటర్ మార్చాక చాలా మెరుగైంది. అలాగని పూర్తిగా పోలేదు. నోవై గారు చెప్పిన ప్రతి మాటా ఆ స్క్రీన్ మీద కనిపించేది.

ఫీనిక్స్_లైట్నింగ్

దానికి మందు ఉంది కదా, పెద్ద హీట్ ఎక్స్‌చేంజర్, నీళ్ల ట్యాంకు పెంచడం. మా దగ్గర 45 డిగ్రీల ఎండలో నడుపుతున్నవాళ్లు ఉన్నారు. లేదా సెంట్రిఫ్యూగల్ రకం చూడొచ్చు, ప్రోచార్జర్, వోర్టెక్ లాంటివి. బెల్టు మీదే తిరుగుతుంది కానీ లోపల టర్బో లాంటి చక్రమే, ముందు గాలి ఇంటర్‌కూలర్ వస్తుంది, పొగగొట్టం ముట్టుకోనక్కర్లేదు.

నోవై_కాలిబ్రేషన్

ట్రెయిలర్ లాగే బండికి సెంట్రిఫ్యూగల్ వద్దు. దాని బూస్ట్ వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే బూస్ట్ నాలుగు రెట్లు. 6,000 ఆర్పీఎం దగ్గర 7 ఇచ్చేది 3,000 దగ్గర రెండు పీఎస్ఐ కూడా ఇవ్వదు. మన మిత్రుడికి బలం కావాల్సింది సరిగ్గా ఆ 2,500-3,500 మధ్యలో. పై వేగంలో అయితే అతని ఇంజన్ ఇప్పుడే సరిపోతోంది, అరుపు నచ్చట్లేదంతే.

కేటీ_పడవ (టెక్సాస్)

చదువుతూ ఉన్నా కానీ అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు తమ్ముడూ. ఎనిమిది వేలు పెట్టి వారంటీ లేని ఇంజన్ మీద పందెం వేయడం కన్నా, అదే డబ్బు కలిపి ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చిన బండి తీసుకోవచ్చు కదా? నాది ఎఫ్-150, 3.5 ఎకోబూస్ట్. 2011లో ఆ ఇంజన్ వచ్చినప్పుడు అదే బండిలోని 5.0 వీ8కి 380 పౌండ్-ఫుట్ టార్క్ (తిప్పే బలం) ఉంటే దీనికి 420, అదీ 2,500 ఆర్పీఎంకే. గాల్వెస్టన్‌కి పడవ లాక్కెళ్తా, మావాళ్లతో కలిసి న్యూమెక్సికో కొండలూ ఎక్కా, గేర్ మార్చినట్టే తెలియదు. ఖాళీగా పోతే మైలేజీ బాగుంటుంది, లోడు తగిలిస్తే మాత్రం వీ8 తాగినంతా తాగుతుంది, అందులో దాపరికం లేదు.

చిన్న టర్బోలు రెండు, వాటికి తగ్గ పిస్టన్లు, ఆయిల్ కూలింగ్, తగ్గ కంప్రెషన్ అన్నీ మొదట్నుంచీ కలిపి తయారుచేసిన బండి వేరు, తర్వాత తగిలించుకున్నది వేరు. టొయోటా కూడా 2022 టండ్రాలో 5.7 వీ8 తీసేసి 3.4 ట్విన్ టర్బోకి మారిపోయింది చూశారుగా.

ఫ్రిస్కో_సిల్వరాడో

అక్కా, బండి మీద లోన్ తీరిపోయింది. కొత్తదాని నెలసరి వాయిదాలు ఇప్పుడు ఎత్తుకోలేను, ఇంకో నాలుగేళ్లు దీన్నే ఉంచుకోవాలి. అందుకే ఉన్నదాన్ని బాగుచేసుకుందామని.

ఆటోనగర్_టర్బో

సరే, టర్బో అన్నాను కాబట్టి దాని సేవ ఎలా చేయాలో కూడా చెప్పాలి. టర్బో చచ్చేది తొంభై పాళ్లు ఆయిల్ వల్లే. షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది, అది తేలేది పలచటి ఆయిల్ పొర మీద. ఘాట్ ఎక్కి పైకి రాగానే టీ కొట్టు దగ్గర టక్కున ఇంజన్ ఆపేసే డ్రైవర్లు ఉంటారు, ఆయిల్ ఆగిపోయి అక్కడికక్కడే మాడి బేరింగ్‌లో బొగ్గు పేరుకుంటుంది. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో బతుకుతుంది, మేం ఎంత చెప్పినా సగం మంది వినరు, అదే బాధ.

మా దగ్గరికి బండి రాగానే మొదట గాలివైపు హోసు విప్పి చక్రం మీది నట్టు రెండు వేళ్లతో పట్టుకుంటాం. పక్కలకి కదిపితే వెంట్రుకంత ఆడొచ్చు, ఆయిల్ పొర కోసం వదిలిన సందు అది. ముందుకీ వెనక్కీ లాగినప్పుడు చేతికి ఆట తెలిసిందంటే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. చక్రం రెక్కల అంచులు హౌసింగ్‌కి రాసుకుని మెరుస్తున్నాయా చూస్తాం. హోసు లోపల వేలు పెట్టి తుడిస్తే కాస్త జిడ్డు మామూలే, ఆయిల్ కారితే మామూలు కాదు.

ఇంకొకటి. ఆయిల్ తిరిగి కిందికి దిగే గొట్టం లావుగా, వంపులు లేకుండా, ఏటవాలుగా ఉండాలి, ఎందుకంటే ఆయిల్ లోపలికి ఒత్తిడితో పోతుంది కానీ బయటికి తనంతట తానే జారాలి. బయట కొని తగిలించే కిట్లలో ఎక్కువ తప్పు ఇక్కడే జరుగుతుంది. గొట్టం పైకి వంగితే ఆయిల్ నిలిచి సీల్ దాటి పొగలోకి పోతుంది, నీలం పొగ వస్తుంది, టర్బో పోయిందని మార్చేస్తారు, కొత్తదీ అంతే చేస్తుంది.

వెనక_యాక్సిల్ (ఒహాయో)

ఆటోనగర్ గారి పోస్ట్ ప్రింట్ తీసి షెడ్‌లో అంటించుకోవాలి. పాతవాళ్ల మాటొకటి కలుపుతా. అమెరికా లారీల్లోనూ బ్లోయర్ ఉండేది. డెట్రాయిట్ డీజిల్ 71 సిరీస్, 1938 నుంచి. అది రెండు స్ట్రోకుల ఇంజన్, తనంతట తాను గాలి పీల్చుకోలేదు, పొగని తోసి తాజా గాలి నింపడానికి రూట్స్ బ్లోయర్ తప్పనిసరి. బలం పెంచడానికి పెట్టింది కాదు. ఆరు సిలిండర్ల ఇంజన్ మీది ఆ బ్లోయర్‌నే కుర్రాళ్లు ఊడదీసి రేసు వీ8ల మీద పెట్టుకుని 6-71 అని పిలిచారు. లారీవాళ్లకి నిజంగా బలం కావాల్సి వచ్చినప్పుడు ఏం చేశారంటే, బ్లోయర్ ఉండగానే దానికి తోడు టర్బో కూడా తగిలించారు.

రాజమండ్రి_రైడర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ మన పికప్‌లకి బయట టర్బో మార్చి పెద్దది వేయించుకోవచ్చా?

వెనక_యాక్సిల్

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి బ్రదర్. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. దీనికి వేరే చర్చ పెట్టండి, మాట్లాడదాం.

నోవై_కాలిబ్రేషన్

ఫ్రిస్కో గారూ, మీ ఇంజన్ లోపల ఏముందో చెప్తాను, తర్వాత మీ ఇష్టం. ఎల్83 అంటారు దాన్ని. 355 హార్స్‌పవర్, 383 పౌండ్-ఫుట్. కంప్రెషన్ 11:1. పిస్టన్లు పోత పోసినవి, ఫోర్జ్ చేసినవి (కొట్టి గట్టిపరిచినవి) కావు. బూస్ట్‌తో ఎక్కువసేపు నడిపితే పై రింగ్ వేడికి సాగుతుంది, దాని రెండు కొనల మధ్య ఫ్యాక్టరీ వదిలిన సందు మామూలు వేడికి సరిపడా మాత్రమే. కొనలు ఒకదానికొకటి తగిలాయంటే రింగ్‌కి పోయే చోటు లేక పిస్టన్ అంచు విరుగుతుంది. ఎనిమిది సెకన్ల బూస్ట్‌కి ఇది జరగదు, ఇరవై నిమిషాల కొండకి జరిగే అవకాశం ఉంది. అందుకే రోడ్డు మీద ఏళ్ల తరబడి బాగా నడిచిన కిట్ అని ఎవరైనా చెప్తే, వాళ్లు ట్రెయిలర్ తగిలించి నడిపారా అని అడగండి.

రెండోది ఫ్యూయల్. డైరెక్ట్ ఇంజెక్షన్ పంపు క్యామ్ మీద నడుస్తుంది, దాని హద్దు దానికుంది. బూస్ట్ పెంచేవాళ్లు కార్వెట్ జీ06లో వచ్చిన ఎల్‌టీ4 ఇంజన్ పంపు, ఇంజెక్టర్లు వేయించుకోవడం అందుకే. మూడోది నాలుగు సిలిండర్లు ఆపేసే ఏఎఫ్ఎం వ్యవస్థ, దాని లిఫ్టర్లు (వాల్వులని ఎత్తే భాగాలు) ఈ ఇంజన్లలో బలహీనమని అందరికీ తెలిసిందే. ఇవేవీ సూపర్‌చార్జర్‌కీ టర్బోకీ తేడా చూపించవు. రెండింటికీ ఇవే హద్దులు.

ఒక పని చేయండి, ఫ్యూయల్ క్యాప్ పసుపు రంగులో ఉందా? ఉంటే మీది ఫ్లెక్స్‌ఫ్యూయల్. అదే ఇంజన్ ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉన్న ఇంధనం) మీద 380 హార్స్‌పవర్, 416 పౌండ్-ఫుట్ ఇస్తుంది, ఒక్క బోల్టు విప్పకుండా. మైలేజీలో పావు వంతు దాకా తగ్గిపోతుంది, దారిలో బంకులు చూసి పెట్టుకోవాలి.

డెన్వర్_కొండగాలి

నేను ఇంకో లెక్క వేశా, ఎవరైనా తప్పుంటే దిద్దండి. బండీ ట్రెయిలరూ మనుషులూ కలిపి 11,700 పౌండ్లు అనుకుందాం, 6 శాతం ఎక్కుడు, 55 మైళ్ల వేగం. ఎక్కడానికే 103 హార్స్‌పవర్, టైర్ల రాపిడికి 20, పలచటి గాలిని చీల్చుకుపోవడానికి ఓ 40. గేర్‌బాక్స్, యాక్సిల్ నష్టం కలిపితే ఇంజన్ దగ్గర 190 కావాలి.

10,000 అడుగుల దగ్గర ఇంజన్‌కి 30 శాతం బలం పోతుంది. 3.08 యాక్సిల్‌తో, 31.6 అంగుళాల టైర్లతో, 55 దగ్గర మూడో గేర్‌లో ఇంజన్ 2,760 తిరుగుతుంది, అక్కడ దొరికేది నా అంచనాలో 135 మాత్రమే. రెండో గేర్‌లో 4,260, దొరికేది 215. అంటే మూడు చాలదు, రెండు ఎక్కువ. మీరు చెప్పిన అరుపు, స్పీడు పడిపోవడం, మళ్లీ అరుపు సరిగ్గా ఇదే. మీ బండికి బలం లేక కాదు, ఉన్న బలం మధ్య గేర్ల సందులో పడిపోతోంది.

యాక్సిల్ 4.10కి మార్చారనుకోండి. మూడో గేర్‌లో 3,670 వస్తుంది, దొరికేది 185 దగ్గర. దాదాపు సరిపోతుంది, 55కి కాస్త తక్కువలో నిలకడగా పోతుంది. ఖర్చు సూపర్‌చార్జర్ కిట్‌లో మూడో వంతు కూడా కాదు. ఖాళీగా హైవే మీద ఆరో గేర్‌లో 60కి 1,310 తిరిగేది 1,740 తిరుగుతుంది, కొంచెం మైలేజీ పోతుంది, అంతే.

నోవై_కాలిబ్రేషన్

లెక్క సరిగ్గానే ఉంది. ఒక్క సవరణ, యాక్సిల్ మార్చితే గరిష్ఠ బలం పెరగదు, ఉన్నదాన్ని అందుకునే చోటు మారుతుంది. ఈ కేసులో కావాల్సింది అదే. ముందు వీల్ డ్రైవ్ కూడా ఉన్న బండి అయితే ముందు డిఫరెన్షియల్ కూడా అదే రేషియోకి మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. స్పీడోమీటర్, గేర్‌బాక్స్ షిఫ్టులు కంప్యూటర్‌లో మార్పించుకోవాలి.

ఫీనిక్స్_లైట్నింగ్

ఒప్పుకుంటున్నా, ఈ పనికి గేర్లే సరైనవి. అయినా నా మాట మీద నిలబడతా, ట్రెయిలర్ లేకుండా సరదాకి నడిపే పికప్‌కి సూపర్‌చార్జర్‌ని మించింది లేదు. టర్బో పికప్ అంటే 1991 జీఎంసీ సైక్లోన్ గుర్తు చేస్తారు చాలామంది, 4.3 వీ6, 280 హార్స్‌పవర్, కానీ దాని వెనక మోయగలిగింది 500 పౌండ్లే. పని చేసే బండి, పరుగెత్తే బండి ఒకే లెక్కలోకి రావు.

ఫ్రిస్కో_సిల్వరాడో

నాది టూ వీల్ డ్రైవే, కాబట్టి వెనక యాక్సిల్ ఒక్కటే. క్యాప్ చూశా, నల్లది, ఈ85 లేదు. దగ్గర్లో గేర్లు బాగా కట్టే ఒకాయన ఉన్నాడు, 3.73 చాలు అంటున్నాడు. డెన్వర్ అన్నా, మీ లెక్క ప్రకారం 4.10 అనే పట్టుబట్టాలా? ఇంజన్‌లోకి గాలి ఎక్కించే పని ఇప్పటికి పక్కన పెడుతున్నా. రేపు ఇంజన్ ఎలాగూ విప్పాల్సిన రోజొస్తే అప్పుడు ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రింగ్ సందు పెంచి, చిన్న టర్బో గురించి మళ్లీ ఇక్కడే అడుగుతా.

డెన్వర్_కొండగాలి

3.73తో మూడో గేర్‌లో 3,340 వస్తుంది, దొరికేది 167 దగ్గర, ఆ ఎత్తులో మీ లోడుకి 55లో కావాల్సిన 190కి అది చాలదు. నేనైతే 4.10 అంటా.

నోవై_కాలిబ్రేషన్

4.10కే ఓటు. అలాగే టో హాల్ మోడ్ (ట్రెయిలర్ లాగే మోడ్) వేసుకుని, గేర్‌ని ఎమ్ (మాన్యువల్) మీద పెట్టి మూడు దాటకుండా కట్టేయండి, 3,700లో తిరిగితే ఆ ఇంజన్‌కి ఏమీ కాదు, అది దానికి సుఖమైన చోటు. అక్కడ ఆయిల్ పంపు బాగా తోస్తుంది, నీళ్ల పంపు బాగా తిప్పుతుంది. మీరు భయపడి కాలు తీసి తక్కువ ఆర్పీఎంలో పూర్తిగా తొక్కి ఉంచడమే దానికి కష్టం. డ్యాష్‌లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడి చూపించే పేజీ తెరిచి పెట్టుకోండి, 230 ఫారెన్‌హీట్ దాటి ఎక్కుతూనే ఉంటే పక్కకి ఆపండి. యాక్సిల్ కట్టించాక మొదటి 500 మైళ్లు ట్రెయిలర్ తగిలించొద్దు, కొత్త గేర్ల పళ్లు ఒకదానికొకటి అలవాటు పడాలి, ఆ తర్వాత యాక్సిల్ ఆయిల్ మార్పించండి.

ఆటోనగర్_టర్బో

ఆయిల్ మార్చేటప్పుడు కింద ప్లేటు తీయమను తమ్ముడూ, అయస్కాంతానికి అంటిన పొడి చూడు. బూడిదలా మెత్తగా ఉంటే మంచిదే. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే కట్టినాయన దగ్గరికే తిరిగి తీసుకెళ్లు.